నాన్న తల మీద టోపీ

ఆక్లండ్,
8 మార్చి 1998

మా నాన్నకి అక్కగారు, మా ఇంటికి పెద్దదిక్కు అయిన ఫలకిక అత్తయ్యకి,
మీ తమ్ముడి కూతురు లెసియెలి తల వంచుకుని రాసేది.

అత్తయ్యా, ఈ ఉత్తరం అందగానే టపా పంచే పాస్టరుగారి వరండాలోనే విప్పకండి. ఇంటికి తీసుకెళ్ళి, తలుపేసుకుని మీరొక్కరే చదవండి. ఫోను చేద్దామంటే మన నొముకా దీవి మొత్తానికీ ఉన్న ఒక్క ఫోనూ పాస్టరుగారింట్లోనే. పాస్టరమ్మ చెవులు మీకు తెలియనివి కావు.

నేను మీతో అబద్ధం చెప్పాను. నాన్న ఆస్పత్రిలో ఉన్నారని అక్టోబరు నుంచీ రాస్తున్నాను కదా, ఆయన ఆస్పత్రిలో లేరు. పక్షవాతం వచ్చిన మూడు వారాలకే వాళ్ళు పంపించేశారు. ఇంటికి తెచ్చుకున్నాను. నాకు కోళ్ళ ఫ్యాక్టరీలో షిఫ్టు పొద్దున ఆరింటికే మొదలవుతుంది. నేను తిరిగొచ్చేసరికి ఆయన రెండుసార్లు మంచం మీంచి పడిపోయి ఉన్నారు. మాట పడిపోయిన మనిషి, కేకైనా వేయలేరు. ఆ చలి నేల మీద ఎంతసేపున్నారో నాకు తెలియదు. చివరికి ముసలివాళ్ళని చూసుకునే హోమ్‌లో చేర్చాను. ఇప్పటికి నాలుగు నెలలు.

కన్నతండ్రిని పరాయివాళ్ళ చేతుల్లో పెట్టానని ఇక్కడి మనవాళ్ళకి చెప్పుకోలేక, నాన్న నొముకా వెళ్ళిపోయారని చెప్పాను. మీకేమో ఆస్పత్రి అని చెప్పాను. ఇలా అందరికీ దూరంగా ఆయన్ని దాచేశాను.

షిఫ్టు అవగానే రోజూ వెళ్తున్నాను. మూడింటి నుంచి ఐదింటి దాకా కూర్చుంటాను. బాగానే చూస్తున్నారనుకుంటా. మేనేజరు మిసెస్ డాల్టన్ నవ్వుతూ పలకరిస్తుంది. నీళ్ళ జగ్గు మాత్రం ఎప్పుడూ కిటికీ దగ్గరే ఉంటుంది, నాన్న చేతికి అందదు. చొక్కా రెండు మూడు రోజులకి గానీ మార్చడం లేదు. మనిషి బాగా చిక్కిపోయారు. అన్నం పెడితే వద్దంటున్నారట. పోయిన మంగళవారం నుంచి ఆయన తలకి నీలం ఊలు టోపీ పెడుతున్నారు. చలిగా ఉందన్నారట. మాట లేని మనిషి ఎలా అన్నారో అడగడానికి నాకు నోరు రాలేదు.

మీరు తిట్టినా పడతాను. ఉత్తరం రాయకుండా మాత్రం ఉండకండి.

మీ ముందు నిలబడే ధైర్యం లేని
లెసియెలి

---

నొముకా,
30 మార్చి 1998

లెసియెలీ,

దీవెనలు తర్వాత. ముందు తిట్లు.

తలుపేసుకుని చదవమన్నావు, అలాగే చదివాను. తల కొట్టేసినట్టయింది. ఐదు నెలలుగా ప్రతి ఆదివారం గుడిలో లేచి నిలబడి "ఆస్పత్రిలో ఉన్న మా తమ్ముడి కోసం" అని ప్రార్థన చేయిస్తున్నానే! దేవుడు ఏ ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్నాడో, పాపం. నాకు ఒక్క మాట రాసి ఉంటే ఏ పడవో పట్టుకుని రాకపోయేదాన్నా? అంత పరాయిదాన్నైపోయానా నీకు?

నీ ఉత్తరం ఎవరి కంటా పడకుండా చూశాను. దాని గురించి బెంగపెట్టుకోకు.

అన్నం వద్దంటున్నాడంటే నా తమ్ముడు పౌలియాసి నీ మీద అలిగాడే పిచ్చిదానా. మా నాన్న వాడి గుర్రాన్ని అమ్మేసినప్పుడు మూడు రోజులు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. అప్పుడు వాడికి పద్నాలుగేళ్ళు. కొబ్బరిపాలు పోసి, డబ్బా మాంసం పెట్టి, చామాకుల్లో పొట్లం కట్టి కాల్చి తీసుకెళ్ళు. ఎదురుగా పెట్టి నువ్వు బయటికి వెళ్ళిపో. అలక తీరకపోతే నన్నడుగు.

ఇక్కడ మొన్నటి గాలివానకి గుడి వంటపాక రేకులు లేచిపోయాయి. కందదుంపలు ఈసారి బాగానే ఊరాయి. నా మోకాళ్ళ సంగతి అడక్కు.

ఒక్కటి మాత్రం నాకు మింగుడుపడలేదు. మార్చి నెలలో ఊలు టోపీ ఏమిటే? మీకక్కడ ఇంకా ఎండలేగా! పౌలియాసి పెళ్ళినాడు కూడా టోపీ పెట్టుకోలేదు. అది ఎందుకు పెట్టారో అడుగు. ఎవరిచేతనైనా తీయించి చూడు.

కోపం తీరని
అత్త ఫలకిక

---

ఆక్లండ్,
19 ఏప్రిల్ 1998

ఫలకిక అత్తయ్యకి,

పడవ ఆలస్యమై మీ ఉత్తరం ఈస్టర్ వెళ్ళాక అందింది. మీరు తిట్టినవన్నీ రెండుసార్లు చదువుకున్నాను. ఇంట్లో పెద్దవాళ్ళు తిట్టి ఎన్నాళ్ళైందో, ఏడుస్తూనే కాస్త ఊరటపడ్డాను.

చామాకు పొట్లం చేసి తీసుకెళ్ళాను. మీరన్నట్టు ఎదురుగా పెట్టి వెళ్ళిపోలేదు, వెళ్ళుంటే తినేవారు కాదు. ఎందుకంటే ఆయన చేతికి స్పూను నిలవదు. నేను పెట్టాను. అత్తయ్యా, ఆయన నమలకుండా మింగేశారు. ఆకు నాకారు. నా వేళ్ళకంటిన కొబ్బరిపాలు కూడా వదల్లేదు. అలక కాదు అది, ఆకలి. ఈసారి భోజనాల వేళ అక్కడే ఉండి చూశాను. ట్రే తెచ్చి ముందు పెడతారు, అరగంటకి తీసుకుపోతారు, "వద్దన్నారు" అని రాసుకుంటారు. తినిపించే మనిషి లేరు. ఇన్నాళ్ళూ మూడింటికి వెళ్ళే నేను భోజనాల వేళ ఒక్కరోజైనా చూడలేదు.

ఇక టోపీ. దగ్గరికి వంగితే కుళ్ళు వాసన వస్తోంది. ఇన్నాళ్ళూ పక్కబట్టల వాసన అనుకున్నాను. నాన్న తల మీద చేయి వేయకూడదని నడక రాకముందే నేర్చుకున్నవాళ్ళం. నేనెలా తీసి చూస్తాను? నర్సుని తీయమన్నాను. ఆవిడ వెళ్ళి మిసెస్ డాల్టన్‌ని తీసుకొచ్చింది. మిసెస్ డాల్టన్ ఒక కాగితం తెచ్చింది.

చేర్చిన రోజు నేను నింపిన కాగితం అది. "మీ ఆచారాలేమైనా ఉంటే రాయండి" అని అడిగితే నేను పొంగిపోయి రాశాను, "ఈయన తల ముట్టకూడదు" అని. మేము, అంటే పిల్లలం, ముట్టకూడదని నా ఉద్దేశం. నా ఇంగ్లీషులో ఆ "మేము" ఎగిరిపోయింది.

"చూడు లెస్లీ, మీ సంస్కృతిని మేం గౌరవించాం" అంది ఆవిడ. నా పేరు లెస్లీ కాదు. "మా వాళ్ళెవరూ ఆయన తల జోలికి వెళ్ళలేదు. నువ్వు రోజూ వస్తున్నావు, రోజూ పుస్తకంలో సంతకం పెడుతున్నావు, ఒక్కరోజు కూడా ఏమీ అనలేదే!"

ఎవరూ తల జోలికి వెళ్ళకపోతే టోపీ ఎవరు పెట్టినట్టు? ఆ ప్రశ్న బస్సెక్కాక తట్టింది. ఎప్పుడూ నా బతుకింతే.

ఆ కాగితం మీద నా మాట కొట్టేసి సంతకం పెట్టాను. గురువారం డాక్టరు వచ్చి చూశాడట. చిన్న గీరుడేనట, కట్టు కట్టారట. మళ్ళీ టోపీ పెట్టేశారు. నేను అడిగిన మర్నాటి నుంచి నర్సుని పిలిచే బెల్లు తాడు గోడ మేకుకి చుట్టేసి ఉంటోంది. విప్పి ఆయన చేతిలో పెట్టి వస్తాను, మర్నాడు వెళ్ళేసరికి మళ్ళీ మేకుకే. గట్టిగా అడిగితే ఆ కోపం ఆయన మీద చూపిస్తారేమోనని భయం. అడక్కపోతే ఇదీ సంగతి. ఏం చేయమంటారు?

లెసియెలి

---

నొముకా,
11 మే 1998

లెసియెలీ,

"తల ముట్టకూడదు" అని నువ్వే రాసిచ్చావా? రాసిచ్చి, వాళ్ళు ముట్టలేదని ఇప్పుడు ఏడుస్తున్నావా? చేసిందంతా నువ్వేనే! ఫ్యాక్టరీలో కోళ్ళు కోసుకునేదానివి, నీకెందుకా రాతకోతలు? తెలియకపోతే పక్కనున్నవాళ్ళనైనా అడగాల్సింది. ఎవరున్నార్లే పక్కన, అందరికీ అబద్ధాలు చెప్పి పెట్టావు.

వాడిని విమానమెక్కించు. నా ఇంట్లో నేను చూసుకుంటాను. డాక్టర్లు వద్దంటారని సాకులు రాయకు.

అంతవరకు ఆ మేనేజరమ్మతో గొడవ పెట్టుకోకు. మన మనిషి వాళ్ళ చేతుల్లో ఉన్నాడు. ఉత్త చేతులతో వెళ్ళి నోరెత్తితే ఎవరు వింటారు? పడవలో వచ్చే వాళ్ళతో ఒక చాప పంపిస్తున్నాను. సన్నపోగు చాప, రెండేళ్ళు అల్లాను. నేను పోయాక నా కింద పరవడానికని దాచుకున్నది. అది ఆవిడ చేతిలో పెట్టి, తల వంచి, "మా నాన్నని కాస్త చూడండమ్మా" అని అడుగు. ఆడదేగా, కరగకపోదు.

చాప పంపానని నా కోపం పోయిందనుకోకు.

అత్త

---

ఆక్లండ్,
7 జూన్ 1998

ఫలకిక అత్తయ్యకి,

చాప ఇచ్చాను. మీరు చెప్పినట్టే తల వంచి అడిగాను. మిసెస్ డాల్టన్ నన్ను కావలించుకుంది, నా పక్కన నిలబడి ఫోటో తీయించుకుంది. మీ చాప ఇప్పుడు హోమ్ గుమ్మంలో గోడ మీద వేలాడుతోంది. కింద అట్టముక్క మీద "పౌలియాసి కుటుంబం, కృతజ్ఞతతో" అని రాయించింది. వచ్చేపోయేవాళ్ళంతా చూస్తున్నారు. బెల్లు తాడు మేకుకే ఉంది.

విమానం మాట డాక్టరుని అడిగాను. మనిషి ఆ ప్రయాణానికి తట్టుకోడన్నాడు. సాకు కాదు అత్తయ్యా, నిజం.

ఫ్యాక్టరీలో నా పక్కన నిలబడే ఆవిడ చెబితే, బుధవారాలు లైబ్రరీలో ఉచితంగా న్యాయసలహా ఇచ్చే లాయరు దగ్గరికి వెళ్ళాను. పేరు గ్లెనిస్. అరవై ఏళ్ళుంటాయి, మాట కటువు. మన పాస్టరమ్మని లాయరు చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

"పుండు ఎంతుంది?" అని అడిగింది.

"నేను చూడలేదు."

"ఎక్కడుంది?"

"తల వెనక అనుకుంటా."

"అనుకుంటావా? రోజూ వెళ్తావు, అనుకుంటావా?"

మన కట్టుబాటు చెప్పాను. ఆవిడ నవ్వలేదు, విసుక్కోలేదు. మొత్తం రాసుకుంది. గీరుడయితే ఈపాటికి మానాలి, వాసన వస్తోందంటే అది పడక పుండు అయి ఉండాలంది. కదల్చకుండా ఒకే వైపు పడుకోబెడితే ఎముక మీద చర్మం కుళ్ళుతుందట. తలగడకి ఆనే చోట కూడా వస్తుందట.

ఇక్కడి చట్టంలో ఇలాంటి గాయానికి కోర్టులో దావా వేయడానికి దారి లేదట. రోగుల హక్కులు చూసే ఆఫీసుకి ఫిర్యాదు పెట్టాలట. పెడితే వాళ్ళు ముందు హోమ్‌నే జవాబు అడుగుతారు. హోమ్ దగ్గర ఏమున్నాయో గ్లెనిస్ వేళ్ళ మీద చెప్పింది. నా చేత్తో రాసిన కాగితం. రోజూ నేను పెట్టిన సంతకాలు. డాక్టరు రాసిన "చిన్న గీరుడు". ఇప్పుడు గోడ మీద చాప.

"నీ దగ్గరేముంది?" అంది.

ఏమీ లేదు. అందుకని రెండు కావాలంది. ఒకటి, పుండు ఫోటో. ఆవిడ వస్తే వారం ముందు హోమ్‌కి చెప్పి రావాలి, ఆ వారంలో వాళ్ళు అన్నీ సర్దేసుకుంటారు. నర్సులు ఎలాగూ విప్పరు. కూతురిగా కట్టు విప్పి చూసేందుకు నన్నెవరూ ఆపలేరట. రెండోది, ఆ టోపీ ఏ రోజు వచ్చిందో చెప్పే రాత ఏదైనా. ఏప్రిల్‌లో నేను అడిగేదాకా పుండు సంగతే తెలియదని వాళ్ళంటున్నారు. మార్చిలోనే టోపీతో కప్పారని తేలితే తెలిసే దాచినట్టు. హోమ్ పుస్తకాల్లో టోపీ మాటే లేదు.

నాకు వెంటనే గుర్తొచ్చింది. మార్చి ఎనిమిదిన నేను మీకు రాసిన ఉత్తరంలో ఉంది, "పోయిన మంగళవారం నుంచి" అని. గ్లెనిస్ బల్ల మీద చరిచి, "అది తెప్పించు, కవరుతో సహా" అంది. దయచేసి వచ్చే పడవకే పంపండి.

ఇంకొకటి అడగాలి. మీరు మా నాన్న కంటే పెద్ద. ఇంట్లో మీ మాట మీద మాట లేదు. ఆయన తల మీద నేను చేయి వేయవచ్చా? మీరు ఊ అంటే వేస్తాను. కాదంటే వేయను. ఇక్కడ ఇంకెవరినీ అడగలేను.

లెసియెలి

---

నొముకా,
29 జూన్ 1998

తల్లీ లెసియెలీ,

ఆ ఉత్తరం లేదు.

చదివిన సాయంత్రమే పొయ్యిలో వేశాను, కవరుతో సహా. నా తమ్ముడిని పరాయివాళ్ళకి అప్పగించిన సంగతి పాస్టరమ్మ కంట పడుతుందని, ఊళ్ళో తలెత్తుకు తిరగలేనని కాల్చేశాను. నీకు బెంగపడకు అని గొప్పగా రాశాను కూడా. నీ జూన్ ఉత్తరం చదివాక పొయ్యి ముందు కూర్చుని బూడిద కెలికాను. మూడు నెలల బూడిదలో ఏముంటుంది? నిన్ను రాతకోతలు రాని దద్దమ్మవన్నట్టు తిట్టాను. ఆ చాప ఇమ్మన్నదీ నేనే. నీకంటే దద్దమ్మని నేను.

మొన్న శుక్రవారం మేజిస్ట్రేటు పడవలో వచ్చాడు. పందుల తగాదాలు, కంచె తగాదాలు వినడానికి గుడి హాల్లో కూర్చున్నాడు. ఊరంతా అక్కడే ఉంది. నా వంతు వచ్చింది. "నా తమ్ముడు పౌలియాసి ఆస్పత్రిలో లేడు, ముసలివాళ్ళ హోమ్‌లో ఉన్నాడు. మార్చి మూడో తారీకు మంగళవారం నుంచి వాడి తలకి టోపీ పెడుతున్నారని నా మేనకోడలు రాసింది. నేను చదివాను. చదివి, సిగ్గుపడి, కాల్చేశాను" అని బైబిలు మీద చేయి పెట్టి చెప్పాను. పాస్టరమ్మ ముందు వరసలోనే ఉంది. గుమస్తా రాశాడు, మేజిస్ట్రేటు ముద్ర వేశాడు. ఆ అఫిడవిట్ దీనితో పెట్టాను. కాలిన ఉత్తరానికి ఇది సాటి వస్తుందో రాదో మీ గ్లెనిస్‌నే అడుగు. మేజిస్ట్రేటయితే పెదవి విరిచాడు.

పాస్టరమ్మ ఆ సాయంత్రం మా ఇంటికొచ్చింది. దెప్పడానికనుకుని మంచి మాటలే సిద్ధం చేసుకున్నాను. ఆవిడ తల్లి సిడ్నీలో అలాంటి చోటే ఉందట, మూడేళ్ళుగా. ఇద్దరం ఏడ్చాం.

నేనే వద్దామని అడిగితే నాకు వీసా రాలేదు. వీసావాళ్ళు బ్యాంకు కాగితాలు అడిగారు. నాకు బ్యాంకేమిటి?

ఇక నువ్వడిగింది. పదేళ్ళు వచ్చినప్పటి నుంచి పౌలియాసి నా చాప మీద కూర్చోలేదు, నేనున్న గదిలో పడుకోలేదు, నా ముందు వెకిలిగా ఒక్క మాట అనలేదు. అక్కనని నాకంత మర్యాద ఇచ్చాడు. ఆ మర్యాద ఒక్కటే నా దగ్గరుంది, ఇప్పుడు దాన్ని వాడుకుంటున్నాను. పౌలియాసి అక్కని, ఫలకికని, చెబుతున్నాను. నీ తండ్రి తల మీద చేయి వెయ్యి. టోపీ తియ్యి, కడుగు, చూడు, ఫోటో తియ్యి. తప్పేదైనా ఉంటే అది నాది. ఈ ముక్క వాడికి చదివి వినిపించు, అప్పుడు ముట్టు.

అత్త

---

ఆక్లండ్,
19 జూలై 1998

అత్తయ్యకి,

మీ ఉత్తరం సోమవారం వచ్చింది. షిఫ్టు ఎగ్గొట్టి వెళ్ళాను. భోజనాల వేళ వెళ్తే నర్సులంతా హాల్లో ఉంటారని గ్లెనిస్ చెప్పింది.

తలుపు వేసి, మీరు రాసింది పెద్దగా చదివాను. "పౌలియాసి అక్కని, ఫలకికని" అన్నచోట నాన్న కళ్ళు నా వైపు తిరిగాయి. చివరిదాకా విన్నారు. టోపీ తీశాను. కట్టుకి జుట్టు అంటుకుపోయి ఉంది, నీళ్ళు పోసి నాననిచ్చి విప్పాను. అది గీరుడు కాదు. నా అరచేయంత ఉంది, నడుమ తెల్లగా ఎముక కనిపిస్తోంది. మడమలకీ ఉన్నాయి. ఆరు ఫోటోలు తీశాను. రెండింటిలో ఏమీ రాలేదు. తర్వాత గుమ్మంలోని ఫోను దగ్గరికెళ్ళి నేనే అంబులెన్సుని పిలిచాను. మిసెస్ డాల్టన్ వద్దు వద్దంటూ నా వెనకే వచ్చింది. ఈసారి బస్సెక్కేదాకా ఆగలేదు, "ఎవరూ ముట్టని తలకి టోపీ ఎవరు పెట్టారు?" అని అందరి ముందూ అడిగాను.

నాన్న ఇప్పుడు నిజంగానే ఆస్పత్రిలో ఉన్నారు. ఇక్కడ వేళకి తినిపిస్తున్నారు, రెండు గంటలకోసారి పక్క మారుస్తున్నారు. పుండు విషం రక్తంలోకి వెళ్ళిందని, మహా అయితే కొన్ని వారాలని సర్జను చెప్పాడు. రెండు నెలల ముందు తెచ్చుంటే వేరుగా ఉండేదేమో అన్నాడు. ఆ రెండు నెలలూ నేను ఆ గదిలోనే కూర్చున్నాను, అత్తయ్యా.

గ్లెనిస్ ఫోటోలూ మీ అఫిడవిటూ కలిపి ఫిర్యాదు పంపింది. ముట్టినట్టు ఒక నంబరుతో కాగితం వచ్చింది. తేల్చడానికి ఏడాది పైనే పట్టచ్చట. కాల్చిన ఉత్తరం గురించి చెప్పిన మాటకి ఎంత విలువిస్తారో చెప్పలేనంది. ఇక్కడి మనవాళ్ళందరికీ నిజం చెప్పేశాను. వస్తున్నారు, వరండాలో కూర్చుని పాటలు పాడుతున్నారు. కొందరు నాతో మాట్లాడటం లేదు.

మీకొక్కరికే చెప్పాల్సింది ఒకటుంది. పుండు కడిగాక, ఫోటోలు తీశాక, పనైపోయినా నా చేయి వెనక్కి రాలేదు. నలభై మూడేళ్ళలో మొదటిసారి నాన్న జుట్టు ముట్టాను. ఎంత మెత్తగా ఉందో! నిమురుతూ ఉండిపోయాను. మీరు ఇచ్చిన అనుమతి పుండు చూడటానికి, నిమరడానికి కాదు. ఆయన కళ్ళు మూసుకుని ఊరుకున్నారు.

ఒప్పుకుని ఊరుకున్నారో, ఎనిమిది నెలలుగా ఆ మంచం మీద అన్నిటికీ ఊరుకున్నట్టే చేతకాక ఊరుకున్నారో, నాకు తెలియలేదు. అడిగాను. ఆయన మొహంలోకే చూస్తూ చాలాసేపు కూర్చున్నాను, ఇప్పటికీ తెలియలేదు.

లెసియెలి